బాన్యో నంబర్ రెండు

పోయిన నెల కాలిఫోర్నియా డబ్లిన్‌లో మా అమ్మాయి ఇంట్లో మేడ మీద స్నానాల గదులు పగలగొట్టి కొత్తగా చేయించే పని మొదలైంది. పనివాళ్ళు ముగ్గురూ మంచివాళ్ళే, పొద్దున్న ఏడింటికల్లా వచ్చి, మెట్ల మీద కాగితం పరిచి, ఇంట్లో ఎవరికీ అడ్డం రాకుండా పని చేసుకునేవారు. రెండో రోజున వాళ్ళలో పెద్దతను, ఏ సామాను ఏ గదిలోకి వెళ్ళాలో గుర్తుండడానికి, తలుపుల మీద నీలం టేపు అంటించి, లావుపాటి పెన్నుతో ఒకదాని మీద బాన్యో 1 అని, ఇంకోదాని మీద బాన్యో 2 అని స్పానిష్‌లో రాశాడు. నేను కాఫీ కప్పు పట్టుకుని మెట్లెక్కి, ఆ రెండోది చూసి, కప్పు కింద పెట్టి టేపు పీకేశాను. మధ్యాహ్నానికి అతను ఇంకోటి అంటించాడు, అదీ పీకాను. మూడోసారి పీకుతుండగా మా అమ్మాయి చూసింది. "నాన్నా, అది వాళ్ళ లేబుల్. వాళ్ళకి కన్ఫ్యూజ్ అవుతుంది కదా, ఎందుకు తీస్తున్నావ్?" అని, ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లల తెలుగులో నెమ్మదిగానే అడిగింది. తలుపు రంగు ఊడిపోతుందని చెప్పాను. ఆ తలుపులు పాతవి, వారంలో ఎలాగూ తీసి పారేయబోతున్నారని దానికీ తెలుసు, నాకూ తెలుసు.

నా ఈడు వాళ్ళు, అంటే డెబ్బైలలో ఈ దేశంలో దిగి, గ్రీన్ కార్డ్ చేతికొచ్చేదాకా మొదటి ఉద్యోగంలో నోరు కుట్టేసుకుని పడివున్నవాళ్ళు, నేను చెప్పబోయేది తొందరగానే అర్థం చేసుకుంటారు. ఇప్పటి పిల్లలకు చెబితే కంప్లయింట్ చేయాల్సింది, లాయర్ని పెట్టుకోవాల్సింది అంటారు. వాళ్ళ తప్పేం లేదు, ఆ భయం వాళ్ళు ఎరగరు. ఆ రోజులు తలుచుకుంటే చాలామందికి చలీ, ఒంటరితనమూ, ఇంటి వంట మీద బెంగా గుర్తొస్తాయంటారు గానీ నాకు ముందు గుర్తొచ్చేది కోపం. అప్పట్లో మేమందరం ఒకరి మీద ఒకరం కోపంగానే ఉండేవాళ్ళం. పైవాడి మీద చూపించలేనిది పక్కవాడి మీద చూపించేవాళ్ళం, అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు.

నాది కెమికల్ ఇంజనీరింగ్. డెబ్బై ఎనిమిది చివర్లో సన్నీవేల్‌లో సర్క్యూట్ బోర్డులు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరాను. ఇప్పుడు అద్దాల ఆఫీసులున్న ఆ వీధుల్లో అప్పటికింకా ఆప్రికాట్ తోటలు అక్కడక్కడా మిగిలి ఉండేవి. మా రేకుల షెడ్డు వెనకే ఒకటుండేది, వేసవిలో పళ్ళు రాలి కార్లు పెట్టుకునే చోటంతా జిగటగా అయ్యి, చెప్పులు అంటుకుపోయేవి. షెడ్డు లోపల నాలుగు పొడుగాటి తొట్లు, వాటి నిండా నీలంగా మెరిసే రాగి ద్రావణం. బోర్డుల్ని చట్రాలకు బిగించి అందులో ముంచి కరెంటు పంపిస్తే వాటికి రాగి పూత పట్టేది. మా కంపెనీ బతుకంతా ఆ పూత మీదే. ఫ్యాక్టరీలో అందరూ ఆ తొట్లను ట్యాంకులనేవారు. అమ్మకాల వైపు నుంచి వచ్చిన మా మేనేజరుకీ అవి ట్యాంకులే. కెమిస్ట్రీ చదివినవాణ్ణి కనక నేను మాత్రం బాత్ అనేవాణ్ణి, పుస్తకాల్లో వాటిని అనేది అలాగే. నా లాగ్‌బుక్‌లో ప్రతి పేజీ పైనా నా చేతిరాతతోనే కాపర్ బాత్ 1, కాపర్ బాత్ 2 అని ఉండేది. ఆ లాగ్‌బుక్ నేను తప్ప ఎవరూ తెరిచేవారు కాదు.

తొట్ల దగ్గర పనిచేసేది ఇరవై మంది దాకా ఆడవాళ్ళు. ఎక్కువమంది మెక్సికో వాళ్ళు. టైమ్ కార్డులు చూసే ఆవిడది ప్యూర్టోరికో. సాయంత్రం షిఫ్టుకి పెద్దగా ఒక చిలీ ఆవిడ ఉండేది. అందరూ మాట్లాడేది స్పానిష్షే, కాబట్టి అందరిదీ ఒకే భాష అని నేననుకున్నాను.

ఆ భాష నేర్చుకుని తీరాలన్న పట్టుదల నాకు మా నాన్నగారి నుంచి వచ్చిందే. ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు, జేబులో ఎర్రసిరా పెన్ను లేకుండా గడప దాటేవారు కాదు. ఇంటికొచ్చిన పెళ్ళి శుభలేఖల్లో ఇంగ్లీషు తప్పులు దిద్ది, తీరా పెళ్ళికెళ్ళినప్పుడు వియ్యంకుల చేతిలో పెట్టి వచ్చేవారు. ఆయన కొడుకుని గనక నేనూ ఒక పాత స్పానిష్ పుస్తకం సంపాదించి, రోజుకి ఇరవై నామవాచకాలు బట్టీపట్టాను. ఆ పుస్తకంలో ఒక మాటకి ఒకటే అర్థం. షెడ్డులో అలా కాదు. ఒకనాడు గోడ పక్క కుళాయి ఊడి నీళ్ళు చిమ్ముతుంటే ఒకావిడ యావే, యావే అని కేక పెట్టింది. యావే అంటే తాళంచెవి అని నా చదువు. నేను పరిగెత్తుకెళ్ళి స్టోర్‌రూమ్ తాళాలగుత్తి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ అడిగింది రెంచి. రెంచీ యావేనే, ఊడిపోయిన కుళాయీ యావేనే, నా చేతిలో ఉన్నదీ యావేనే. ఇంకోరోజు ఒకావిడ కారు టైరు దిగిపోయి గాతో కావాలంటే, గాతో అంటే పిల్లి కదా అని నేను వంగి కారు కింద వెతికాను. ఆవిడకి కావలసింది జాకీ. నవ్వారు, పడ్డాను. నిజానికి ఆ విషయంలో మనమేం తక్కువ తినలేదు. మనకి తాళమంటే కప్పా తాళమే, చెవీ తాళమే, భజనలో వాయించేదీ తాళమే. మా ఊళ్ళో నీళ్ళ గాబు అన్నది మా ఆవిడ పుట్టింటి వైపు గోలెం; పెళ్ళైన కొత్తలో వాళ్ళమ్మగారు గోలెం దగ్గర కాళ్ళు కడుక్కోమంటే, అదేదో వీధి పేరనుకుని గుమ్మం దాటి వెళ్ళిపోయినవాణ్ణి నేను.

మెక్సికో ఆడవాళ్ళు తొట్టిని తీనా అనేవారు. నేనూ తీనా అన్నాను. అది నాకు బాగా నోటికొచ్చిన మాట. దానికంటే ముందు, ఈ దేశంలో అడుగుపెట్టిన ప్రతివాడికీ వచ్చే స్పానిష్ మాట బాన్యో, అదెలాగూ వచ్చు; మా షెడ్డు చివర మరుగుదొడ్లు రెంటికీ తలుపుల మీద అదే రాసి, పక్కన ఒకటి, రెండు అని అంకెలు వేసి ఉండేవి.

ఇక ఆ చిలీ ఆవిడ. ముప్పై అయిదేళ్ళుంటాయి, ఎప్పుడూ నల్ల స్వెట్టరు, నవ్వని మొహం. వాళ్ళ దేశంలో సైన్యం పెత్తనం వచ్చాక చంటిబిడ్డతో ఇక్కడికొచ్చి పడిందని, భర్త రాలేదని అనుకునేవారు. అంతకు మించి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అక్కడ కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ పాఠం చెప్పేదన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన విధం కూడా బాగాలేదు. పూత నునుపుగా రావడానికి తొట్టిలో కలిపే మందు లెక్కవేసి నల్లబోర్డు మీద రాశాను ఒక మధ్యాహ్నం. ఆవిడ షిఫ్టుకొచ్చి, నిలబడి చూసి, సుద్దముక్క తీసుకుని, నేను వేసిన దశాంశ బిందువుని ఒక స్థానం ఎడమకి జరిపి, వెళ్ళి గ్లవ్స్ తొడుక్కుంది. ఆవిడ చేసిందే సరి. నేను రాసినట్టే కలిపి ఉంటే ఒక తొట్టెడు ద్రావణం పారబోయాల్సి వచ్చేది. నేను థాంక్స్ చెప్పాలి. చెప్పలేదు సరికదా, అంతమంది ముందు నా లెక్క దిద్దిందని రగిలిపోయాను.

దానికి నేను తీర్చుకున్న కసి ఎంత నీచమైనదంటే, ఇన్నేళ్ళ తర్వాత రాయడానికి కూడా చెయ్యి సాగడం లేదు. సాయంత్రం షిఫ్టు అయ్యాక ఆవిడ నా బల్ల మీద రోజూ ఒక చీటీ పెట్టి వెళ్ళేది, ఏ తొట్టి ఎలా ఉంది, ఏం కలిపారు అని, వచ్చీరాని ఇంగ్లీషులో. ఒక వారం చీటీలన్నీ పోగేసి, ఎర్రపెన్నుతో ప్రతి తప్పూ దిద్ది, కింద మార్కులు వేసి, అందరూ చూసే నోటీసు బోర్డు మీద గుచ్చాను. ఆవిడకి ఇరవైకి నాలుగు. ఆ రోజు నన్ను నేను మా నాన్నగారి అసలైన వారసుణ్ణనుకున్నాను. ఆయన బతికి ఉండి చూస్తే చెంప పగలగొట్టి ఉండేవారని ఇప్పుడనిపిస్తుంది. ఆవిడ ఆ కాగితాలు ఒక్కొక్కటే ఊడదీసి, మడిచి జేబులో పెట్టుకుని, నా గది గుమ్మంలో నిలబడి వాళ్ళ భాషలో గట్టిగానే నాలుగు మాటలు అంది. అర్థమైనంతలో దాని సారం: నువ్వు స్పానిష్ వచ్చని అందరికీ చెప్పుకుంటావు కదా, రేపటినుంచి చదువుకో. మర్నాటి నుంచి చీటీలు స్పానిష్‌లో రావడం మొదలైంది. వాటిలో తొట్టికి పేరుండేది కాదు, ఉత్త అంకే, కలిపిన మందు లెక్కా. పైవాడి మీద గొంతెత్తినందుకు ఆవిడకి ఒక రాతపూర్వకమైన హెచ్చరిక వెళ్ళింది; ఆ కాగితం మీద సంతకం నాది.

మూడు హెచ్చరికలైతే ఉద్యోగం పోతుందన్నది మా మేనేజరు పెట్టిన రూలు. నాది ఆవిడకి రెండోది. మొదటిది ఎలా వచ్చిందో వింటే మీరు నమ్మరు. ఒక పొద్దున్న బిడ్డకి జ్వరం వచ్చి, టైమ్ కార్డులావిడకి ఫోన్ చేసి, మా గ్వాగ్వాకి బాగాలేదు, ఈవేళ రాలేను అని చెప్పింది. చిలీలో గ్వాగ్వా అంటే పసిబిడ్డ. ప్యూర్టోరికోలో గ్వాగ్వా అంటే బస్సు. టైమ్ కార్డులావిడ, పాపం, విన్నది విన్నట్టే బస్సు పాడైందట, రాదట అని రాసింది. మేనేజరు మా వీధిలో పోయే బస్సుని ఆ రోజు తన కళ్ళతో చూశాడు. అబద్ధమాడి సెలవు పెట్టిందని మొదటి హెచ్చరిక. మర్నాడు విషయం బయటపడ్డాక కూడా ఆ కాగితాన్ని వెనక్కి తీసుకోలేదు. వాళ్ళ భాష వాళ్ళకే తెలియకపోతే నేనేం చెయ్యను అన్నాడు. ఆ ఇద్దరు ఆడవాళ్ళకీ మళ్ళీ మాటల్లేవు. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, బిడ్డ పుట్టినరోజుకి అందరికీ తోర్త తెస్తానని చెప్పింది ఆవిడ. మెక్సికో వాళ్ళకి తోర్త అంటే రొట్టె మధ్య మాంసమూ బీన్సూ కూరిన కడుపునిండే సాండ్‌విచ్. ఆ షిఫ్టు వాళ్ళందరూ తిండి డబ్బాలు తెచ్చుకోకుండా వచ్చారు. చిలీ తోర్త అంటే కేకు. తలా ఒక పలచటి ముక్క తిని, రాత్రి షిఫ్టు అయ్యేదాకా ఆకలితో, ఆవిడ పిసినారితనం గురించి గొణుక్కున్నారు. ఆ రోజు నాకు లోపల సంతోషంగా ఉండింది. ఆవిడ మాటలు ఆవిణ్ణే ముంచుతున్నాయని అనుకున్నాను.

ఎనభైలో, వేసవి మొదట్లో, ఒక పొద్దున్న నేను వచ్చేసరికి బల్ల మీద చీటీ ఉంది. బాన్యో 2 సూసియో, నో ఉసార్. అంతే. సూసియో అంటే మురికి, నో ఉసార్ అంటే వాడొద్దని. ఇంత కోపం పెట్టుకున్న మనిషి నాకు మరుగుదొడ్డి గురించి కూడా చీటీలు రాస్తోందా, నన్నేమనుకుంటోంది అని ఒళ్ళు మండింది. శుభ్రం చేసే మనిషిని పిలిచి, రెండో దొడ్డి కడగమని, అయ్యేదాకా తాళం వెయ్యమని చెప్పాను. అతను వెళ్ళి చూసి, అద్దంలా ఉందండీ అన్నాడు. అయినా కడుగు అన్నాను. చీటీ సొరుగులో పడేశాను.

ఆ రోజు పగటి షిఫ్టు వాళ్ళు రెండో తొట్టిలో మూడు వందల బోర్డులకు పూత పెట్టారు. మామూలు సరుకు కాదు, మా కంపెనీకి మొదటిసారి వచ్చిన ఒక పెద్ద ఆర్డరు. రెండు రోజుల తర్వాత అవన్నీ తిరిగొచ్చాయి. గోటితో గీకితే రాగి పొట్టులా రేగిపోతోంది. తొట్టి లోపలి రబ్బరు పొర ఎక్కడో చిల్లుపడి, వెనకనున్న జిగురు ద్రావణంలోకి కారింది. ఆ సంగతి చూసి పట్టుకోగలిగిన మనిషి ఆ షెడ్డులో ఒక్కతే, చీటీ రాసిన సాయంత్రం డ్యూటీలో ఉన్నదీ ఆవిడే. తొట్టిని ఆపే అధికారం ఇంజనీరుకి తప్ప ఎవరికీ లేదని రూలు పెట్టింది నేను.

మేనేజరు ఆవిణ్ణీ నన్నూ తన గదిలోకి పిలిచాడు. చెప్పకుండా ఎందుకు వెళ్ళిపోయావని ఆవిణ్ణి అడిగాడు. చెప్పాను, చీటీ పెట్టాను, ఇంజనీరు దగ్గర ఉంది అంది. నేను సొరుగులోంచి చీటీ తెచ్చి ఇచ్చాను. ఇందులో ఏముంది అని మేనేజరు నన్నడిగాడు. రెండో టాయిలెట్ మురికిగా ఉందని రాసింది, కడిగించాను అన్నాను. అప్పటికి నిజంగా నాకు తెలిసింది అంతే, ఒట్టు.

ఆవిడ నా వైపు తిరిగి, చిన్నపిల్లలకు చెప్పినట్టు, విడివిడిగా, ఇంగ్లీషులో చెప్పింది. "టాయిలెట్ కాదు. బాత్. కాపర్ బాత్. ఇంజనీర్, నీకు ఈ మాట తెలుసు."

ఆవిడ ఆ మాట అన్న క్షణంలో నాకు అర్థమైంది. బాన్యో అంటే బాత్. స్నానమూ అదే, స్నానాలగదీ అదే, రాగి ద్రావణమున్న తొట్టీ అదే. నా లాగ్‌బుక్ నిండా నేను రాసుకున్నదీ అదే. మెక్సికో వాళ్ళు పని మాటల్లో దాన్ని తీనా అనేవారు. ఆవిడ చదువుకున్న మనిషి కనక పుస్తకాల్లో ఎలా ఉందో అలా రాసింది, ఇంగ్లీషులో నేను చేసినట్టే. ఆ గదిలో ఆ మాట తెలిసినవాళ్ళం ఇద్దరమే. మేనేజరు మొహం చూశాను, అతనికి ఏమీ అంతుపట్టలేదు. నా గ్రీన్ కార్డ్ కాగితాల మీద అతని సంతకం ఇంకా పడలేదు. మూడు వందల బోర్డుల నష్టం ఎవరో ఒకరి పేర రాయాలి. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"మరి ఈ మాటకి ట్యాంకు అని అర్థముందా?" అని మేనేజరు నన్నడిగాడు.

"సర్, టాయిలెట్ తలుపు మీద ఉన్నది ఈ మాటే" అన్నాను.

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మేనేజరు చీటీ పట్టుకుని లేచాడు, షెడ్డు చివరికి నడిచాడు, వెనకే మేమిద్దరం. రెండో తలుపు ముందు నిలబడి చీటీని తలుపు మీది అక్షరాల పక్కన పెట్టి చూశాడు. బాన్యో 2, బాన్యో 2. పెద్దగా నవ్వాడు. తొట్ల దగ్గర ఉన్నవాళ్ళు తలెత్తి చూశారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానని నన్నడక్కండి, మొహం అలా పోయింది. మూడో హెచ్చరిక అవసరం కూడా లేదని, ఆ సాయంత్రమే లెక్క చూసి పంపించేయమని టైమ్ కార్డులావిడకి చెప్పాడు.

ఆవిడ ఏడవలేదు, అరవలేదు. ఏప్రాన్ విప్పి మడతపెట్టి నా బల్ల మీద పెట్టి, ఈసారి వాళ్ళ భాషలోనే, నేను అందుకోగలిగేంత నింపాదిగా ఒక మాట చెప్పింది. "నీ స్పానిష్ బాగుంది ఇంజనీర్. ఎవరైనా బాగాలేదంటే నమ్మకు." తర్వాత ఆవిణ్ణి నేను ఎప్పుడూ చూడలేదు. కార్ల దగ్గర మెక్సికో ఆడవాళ్ళు ఆవిణ్ణి చుట్టుముట్టి నిలబడి ఉండడం మాత్రం కిటికీలోంచి చూశాను. తోర్త సంగతి గొణిగినవాళ్ళే, ఒకావిడ తన సంచీలోంచి ఏదో తీసి ఆవిడ సంచీలో పెట్టింది.

ఇలాంటి గందరగోళం మళ్ళీ రాకూడదని, తొట్లన్నిటి మీదా వాళ్ళ భాషలో పేర్లు రాయించమని మేనేజరు నాకు చెప్పాడు. ఆడవాళ్ళలో పెద్దావిణ్ణి పిలిచి తెల్ల పెయింటూ కుంచే ఇచ్చి, తీనా అని రాయమన్నాను. మొదటి తొట్టి మీద తీనా 1 అని రాసింది. రెండో దాని దగ్గర ఆగి, నా మొహంలోకి చూసి, గజమెత్తు అక్షరాలతో బాన్యో 2 అని రాసి, కుంచె నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. చెరపమని నేను అనలేకపోయాను. మేనేజరు ఆ తర్వాత మూడేళ్ళు రోజూ ఆ తొట్టి పక్కనుంచే నడిచాడు, ఒక్కసారి కూడా చదవలేదు. లేబుళ్ళు పెట్టించినందుకు నన్ను అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఎనభై ఒకటిలో గ్రీన్ కార్డ్ వచ్చింది.

ఆ పెయింటు ఆరిన రోజు నుంచి ఆ షెడ్డులో నాతో ఎవరూ స్పానిష్ మాట్లాడలేదు. నేను స్పానిష్‌లో పలకరిస్తే ఇంగ్లీషులో జవాబు చెప్పేవారు, ముక్కలు ముక్కలుగా, వెతుక్కుంటూ, అయినా ఇంగ్లీషులోనే. ప్రతిదానికీ చివర సర్ అనేవారు. అంతకుముందు నా తప్పులకు నవ్వేవారు, యావే అంటే ఏ యావే అని ఆటపట్టించేవారు, ఇంటి నుంచి తెచ్చిన తమాలే పొట్లం విప్పి రుచి చూడమనేవారు. అదంతా పోయింది. ఒకటి రెండు నెలలు మొండిగా ప్రయత్నించాను. తర్వాత పుస్తకం అటకెక్కించాను. ఎనభై అయిదులో వేరే ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు కేకు కోసి పంపారు, అప్పుడూ ఇంగ్లీషులోనే శుభాకాంక్షలు చెప్పారు.

మీలో కొందరు ఈ కథ నా నోటే విని ఉంటారు, కానీ ఇలా కాదు. అప్పట్లో బే ఏరియాలో తెలుగువాళ్ళం కొద్దిమందిమే. శనివారం ఎవరో ఒకరింట్లో చేరి, పప్పూ చారూ తిని, కార్పెట్ మీద కూర్చుని ఉద్యోగాల కబుర్లు చెప్పుకునేవాళ్ళం. నేను ఈ కథని టాయిలెట్ జోకుగా చెప్పేవాణ్ణి. చీటీ, శుభ్రంగా ఉన్న దొడ్డిని మళ్ళీ కడిగించడం, ఊడిపోయిన బోర్డులు, తలుపు దగ్గర చీటీ పట్టుకుని నిలబడ్డ మేనేజరు, అక్కడ ఆపేసేవాణ్ణి. కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వేవారు. కొత్తవాళ్ళొస్తే ఆ బాత్రూమ్ కథ చెప్పవోయ్ అని మళ్ళీ చెప్పించేవారు. డాక్టర్లు, సైంటిస్టులు, నాలాంటి ఇంజనీర్లు, అందరం చదువుకున్నవాళ్ళమే. నలభై ఏళ్ళలో కనీసం వంద సార్లు చెప్పి ఉంటాను. ఆవిడ ఏమైందని ఒక్కరూ అడగలేదు. తప్పు పట్టను, అడిగితే తమ మొదటి ఉద్యోగంలో తాము నోరు మూసుకున్న సంగతులు ఒక్కొక్కరికీ గుర్తుకొచ్చి ఉండేవి. ఆ కార్పెట్ల మీద కూర్చున్నవాళ్ళలో ఇప్పుడు సగం మంది లేరు. ఉన్నవాళ్ళం ఫోన్లలో మోకాళ్ళ గురించి మాట్లాడుకుంటున్నాం.

మొన్న ఆదివారం మా అమ్మాయి స్నేహితులు కొత్త స్నానాలగది చూడ్డానికి వచ్చారు. వాళ్ళలో ఒకరి కూతురు, ఇరవై మూడేళ్ళ పిల్ల, సన్నీవేల్‌లోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హైస్కూల్లో నాలుగేళ్ళు స్పానిష్ చదివిందట. ఎవరో అలవాటుగా అంకుల్, ఆ జోక్ చెప్పండి అన్నారు. చెప్పాను, ఎప్పుడూ ఆపే చోటే ఆపాను. అందరూ నవ్వారు, ఆ పిల్ల నవ్వలేదు. కాసేపాగి, అందరూ వేరే మాటల్లో పడ్డాక, నా పక్కకొచ్చి కూర్చుని అడిగింది. "అంకుల్, బాన్యో అంటే బాత్ కూడా కదా. సో ఆ ఆంటీ రైట్‌గానే రాసింది. మరి ఆమెకి జాబ్ మళ్ళీ వచ్చిందా?"

మన కాలంలో మనం అడగనిదాన్ని ఆ పిల్ల ఎంత తేలిగ్గా అడిగిందో. దానికి భయం లేదు, నా దగ్గర దాచుకోవలసింది ఏమీ లేదు, నేను ఏం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా, నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. గ్రీన్ కార్డ్ వచ్చి నలభై ఏళ్ళు దాటింది, ఆ మేనేజరు పోయి చాలా కాలమైంది, ఆ షెడ్డూ లేదు, నిజం చెబితే నన్ను ఉద్యోగంలోంచి తీసేసేవాళ్ళు ఈ భూమి మీద ఎవరూ లేరు.

వచ్చిందమ్మా, వారంలోనే మళ్ళీ పిలిచి తీసుకున్నారు, అన్నాను. హమ్మయ్య అని, నా చెయ్యి ఒకసారి నొక్కి, లేచి వెళ్ళింది.